ఎడమచేతి ముడి

మీ గడపకు చావు కబురు మోసుకొచ్చిన మనిషిని మీలో ఎవరైనా, ఒక్కసారైనా, కూర్చోమన్నారా?

తొందరేం లేదు, ఆలోచించుకోండి. అంతలోపల బిక్షమ్మ సంగతి వినండి.

రామన్నపేటకు రెండు కోసుల దూరంలో ఇసుకబాయి అని ఒక ఊరు. ఊరవతల వాడలో బిక్షమ్మ ఇల్లు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, మంచం పట్టిన తండ్రి మైసయ్యకు ఇంత అంబలి తాగించి, మూతి తుడిచి బయటికి వచ్చేసరికి ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి ఉండేవారు.

"బిక్షమ్మా, జర భువనగిరి పోవాలె. మా చెల్లెకు చెప్పాలె, కోడలు నీళ్లాడిందని."

"పానగల్ల మా మేనమామ ఉన్నడు గదా. ముసలోడు పోయిండని చెప్పిరావాలె."

బిక్షమ్మ చీర కొంగు చాపేది. వచ్చినవాళ్లు ఆ కొంగు అంచును నోటి దగ్గర పెట్టుకుని చెప్పవలసింది చెప్పి, చెప్పిన చోట ముడి వేసేవారు. పుట్టుక, పెళ్లి అయితే కుడిచేత్తో. చావు అయితే ఎడమచేత్తో. ఆమె నడిచి పోయి, ఎవరికి చేరాలో వాళ్ల ముందు ముడి విప్పేది. చెప్పిన మనిషి గొంతు చెప్పినట్టే అందులోంచి వచ్చేది. ఏడుపు ఉంటే ఏడుపుతో, దగ్గు ఉంటే దగ్గుతో. ఒక్కసారే. ఆ తర్వాత అది మామూలు కొంగే.

దీన్ని వింతగా ఎవరూ చూడలేదు. మైసయ్య తన కండువాలో అట్లాగే మోసినాడు, అతని తండ్రి గొంగడి అంచులో మోసినాడు. వింతంతా విన్నవాళ్ల కొసరు మాటల్లోనే. "మా అన్న దగ్గు గూడ ఏమిడ్సకుంట తెచ్చినవేందే!" అని నవ్వేవారు. ఒకసారి ఒకామె మనుమడు పుట్టిన కబురు చెప్తుంటే వెనక కోడి కూసింది. భువనగిరిలో ముడి విప్పితే ఆ కోడి కూడా కూసింది. ఆ ఇంటి కోళ్లన్నీ గంప కింది నుంచి దానికి జవాబు చెప్పినయి.

ముడికి ఇంకో గుణం కూడా ఉంది. చెప్పిన మనిషి బతికి ఉన్నంతకాలం అది వెచ్చగా ఉంటుంది. పోతే చల్లబడుతుంది. లోపలి గొంతు మాత్రం చెడదు.

పుట్టుక కబురు తెస్తే గడప లోపలి నుంచి ఇంత బెల్లం కొంగులో పడేసేవారు. చావు కబురు అయితే అదీ లేదు. వాకిట్లోకి కూడా రాకుండా బాట అవతల నిలబడి ముడి విప్పాలి. విన్నవాళ్లు ఏడ్చుకుంటూ తానాలకు పోయేవారు. ఆమె వచ్చిన దారినే తిరిగి నడిచేది. పోలీస్ యాక్షన్ అయినంక వెట్టి పోయిందన్నారు. నిజమే, పోయింది. హుకుములు పోయి బతిమిలాటలు వచ్చినయి. పీట మాత్రం రాలేదు.

ముప్పై ఏండ్లు ఊరందరి చావుపుట్టుకలు మోసిన బిక్షమ్మ, సొంత తమ్ముడికి ఒక్క కబురు మోయలేదు. మోయనియ్యలేదు.

తమ్ముడు గురవయ్య. అతని తొలి బిడ్డ పుట్టిన నాడే దొర ఇంట్లోనూ మనుమడు పుట్టినాడు. గురవయ్య పెళ్లాం, బాలింత శ్యామలమ్మ పురిటి జ్వరంతో సోయి లేకుండా పడి ఉంటే, దొర మనుమడి కబురు దేవరకొండకు మోయమని గురవయ్యను తోలినారు. పోయి వస్తుంటే ఊరి పొలిమేరలో మైసయ్య ఎదురొచ్చినాడు. దొర హుకుమని ఇంకో కబురు, ఇంకో ఊరు అప్పజెప్పినాడు. ఇంటి మొఖం కూడా చూడకుండా గురవయ్య అటు నుంచి అటే పోయినాడు. ఇంకో నాలుగు దినాలకు తిరిగొస్తే బిడ్డ మన్నులో ఉంది.

"పొలిమేరల నాకు ఎదురొచ్చిన్నాడు నీకు తెల్సా, తెల్వదా?" అని తండ్రిని నిలదీసినాడు.

మైసయ్య జవాబు చెప్పలేదు.

శ్యామలమ్మకు నడిచే బలం రాగానే గురవయ్య ఆమెను తీసుకుని పాలమూరు దిక్కు పోయినాడు. ఆర్నెల్లకు, మొగుడు పెళ్లాలు బాప్తిస్మం తీసుకున్నారని, అక్కడ మిషన్ దవాఖానలో గురవయ్య కావలి పనికి కుదిరినాడని తెలిసింది. మైసయ్య వాడ నడుమ నిలబడి, "వాని చావు నాకొద్దు, నా చావు వానికొద్దు. వాని పుట్టుకలు వానియే. బిక్షమ్మా, మోసినవంటె నా మీద ఒట్టే," అన్నాడు. దేవుణ్ణి మార్చినందుకు తండ్రికి కోపమని అందరూ అనుకున్నారు. ఇరవై ఏండ్లు అట్లాగే అనుకున్నారు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో మైసయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. నోట మాట పోయింది. ఆరు నెలలు కండ్లతోనే అడిగినాడు, కండ్లతోనే తిట్టినాడు. ఒకనాడు అంబలి తాగిస్తుంటే ఎడమచేత్తో కూతురి కొంగు పట్టుకుని నోటి దగ్గరికి గుంజుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. బయటికి వినపడింది ఒట్టి ఊపిరే. పక్కింట్లో నర్సింగమ్మ జొన్నలు దంచుతున్న రోకలి చప్పుడే దానికంటే గట్టిగా ఉంది. ఆ తర్వాత ఎడమచేత్తో, ఉన్న నాలుగు పండ్లతో కొంగుకు ముడి బిగించి, దక్షిణం దిక్కు వేలు చూపించినాడు.

రోకలి పక్కన పెట్టి వచ్చిన నర్సింగమ్మ ముడిని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎడమచేతి ముడే పిల్లా."

"కుడిచెయ్యి లేవదు గదా వదినా. ఉన్న చేత్తోనే ఏసిండు."

"లేచినా గదే చేత్తోటి ఏస్తుండె. బతికున్న కొడుక్కు చావు ముడి పంపుతున్నడంటె ఇంకేముంటదే? తెంపుడు కబురు. సచ్చే ముందల నువ్వు నాకు సచ్చినోనివే అని చెప్తున్నడు."

బిక్షమ్మ దాన్ని పిడికిట పట్టుకుంది. ముడి వెచ్చగా ఉంది. ఒట్టు పెట్టినవాడే ముడి వేసి దారి చూపిస్తే, ఇంక ఆగడానికి లేదు.

"నాయినను జర సూడు వదినా."

"నేనున్న, నువ్వు పో. ఏమైన అయితె చేసేటోళ్లం చేస్తం."

నల్లగొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి దేవరకొండకు ఇంకో బస్సు. ఎక్కగానే అలవాటు కొద్దీ బిక్షమ్మ కింద కూర్చుంది. "అమ్మా, సీటు ఖాళీగున్నది గదా, కిందెందుకు?" అన్నాడు కండక్టరు. ఆమె లేచి సీటు అంచున కూర్చుంది, ఎవరో వచ్చి లేపుతారేమోనని వాకిలి వైపే చూస్తూ.

బాట పొడుగునా గుట్టలు, గుండ్లు, ఎర్ర చెలకల్లో ఎన్ను తీసిన జొన్న. ఆమెకు ఏదీ కంటికి ఆనలేదు. కొంగు పిడికిట్లో ఉంది. ఇరవై ఏండ్లకు తమ్ముడి మొఖం చూడబోతున్నది, చూసి అతని చేతిలో పెట్టేది ఇదా? ఇక్కడే విప్పితే? బస్సు చప్పుడులో ఎవరూ వినరు. తిట్టయితే తిట్టు ఇక్కడనే అయిపోతుంది. తమ్ముడికి "నాయిన పోతపోత నిన్ను తలిచిండు" అని చెప్పుకోవచ్చు. వేళ్లు ముడి మీదికి పోయినయి, ఆగినయి. పరాయి ముడిని ఆమె ఏనాడూ విప్పలేదు. ఇది పరాయిది కాదనుకున్నా, తనది కాదు.

మరునాడు కల్వకుర్తి బస్సు డిండి దగ్గర ఆగింది. నీళ్లు తాగుదామని దిగింది. వాగు ఒడ్డున దోసిలి పట్టేటప్పుడు కొంగు చేతికి తగిలింది. బాయిలోంచి తీసిన రాయి లెక్క ఉంది ముడి. చల్లగా.

బిక్షమ్మ అక్కడే నిలబడిపోయింది. తండ్రి పోయినాడు. ఈ ఊర్ల దిక్కు ఆ సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే. ఎన్ని వందల మందికి చెప్పిందో ఈ మాట. ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొంగు రెండో అంచు అందుకుంది. నోటి దగ్గర పెట్టుకుని, "నాయిన పోయిండు," అన్నది. ఎడమచేత్తో ముడి వేసింది. విప్పింది.

ఏమీ రాలేదు. ఒట్టి బట్ట.

ఎట్లా వస్తుంది? మోసేటోళ్ల మాట ముడిలో నిలువదని తండ్రి చిన్నప్పుడే చెప్పినాడు. అయినా ఒకసారి చూసింది, అంతే. బస్సు హారన్ కొట్టింది. వెనక్కి పోతే ఏడ్చేవాళ్లలో ఇంకొక మనిషి ఎక్కువ, వాడోళ్లు ఎట్లాగూ మన్నులో పెడతారు. ముందుకు పోతే కబురు చేరుతుంది. బిక్షమ్మ బస్సెక్కింది.

కల్వకుర్తి దాటినంక నాలుగు మైళ్లకు మిషన్ దవాఖాన. దాని వెనక పెంకుటిండ్ల వరుస. మూడో ఇంటి ముందు ఒకామె చాటలో బియ్యం ఏరుతున్నది. తల నెరిసింది కానీ చాట పట్టిన తీరు మారలేదు. శ్యామలమ్మ.

బిక్షమ్మ బాట అవతలే నిలబడింది.

శ్యామలమ్మ తలెత్తి చూసింది. "ఇరవై ఏండ్లకు దొరికిందా వదినా తోవ?"

"దొరికింది మరదలా. గురవయ్యను పిలువు."

"పిలుస్త గని, గాడ బండ లెక్క నిలవడ్డవేంది? లోపటికి రా."

"రావద్దు. ఎడమచేతిది." లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడుతున్నది. "అండ్ల పురిటిల్లు గూడ ఉన్నట్టున్నది."

"మా పిల్ల నిర్మలకు బిడ్డ వుట్టింది. ఇరవై ఒక్క దినాలు." చాట కింద పెట్టి శ్యామలమ్మ లేచింది. ఆమె మొఖంలో ఎకసెక్కెం ఎక్కడికో పోయింది.

గురవయ్య ఖాకీ అంగీ గుండీలు పెట్టుకుంటూ వచ్చినాడు. అక్కను చూసినాడు, కొంగు చూసినాడు. మోసిన చెయ్యి కదా, అడగకముందే తెలిసిపోయింది.

"నాయినదా?"

"నాయినదే."

"ఉన్నడా?"

"ఇయ్యాల పొద్దుగాల డిండి కాడ సల్లవడ్డది తమ్మీ."

గురవయ్య గుండీలు వదిలేసినాడు. లోపలికి పోయినాడు. ఒక కట్టె కుర్చీ ఎత్తుకొచ్చి ఇంటి నడుమ వేసినాడు.

"లోపటికి రా అక్కా. కూసో."

"ఎడమచేతి ముడి ఇంట్ల ఇప్పుతరారా! పసిగుడ్డు ఉన్న ఇల్లు!"

"నేను దేవుని సూసి గీడికి రాలే అక్కా. కుర్చీ సూసి వచ్చిన. దూప అయితుందని నీళ్లకు దవాఖాన ముంగట నిలవడితె, లోపట కూసోమన్నరు. నా వెనక ఇంకెవలన్న ఉన్నరేమోనని తిరిగి సూసిన. దేవుడు తర్వాత అగుపడ్డడు. మా అక్క వచ్చి బాట మీద నిలవడితె గా దేవునికి నేనేం మొకం సూపియ్యాలె?"

బిక్షమ్మ గడప దాటింది. కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏండ్లలో కబురుతో పోయిన ఇంట కూర్చోవడం అదే మొదలు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. శ్యామలమ్మ తాను తాగే గ్లాసులోనే నీళ్లిచ్చింది. గురవయ్య కింద, అక్క పాదాల దగ్గర కూర్చున్నాడు.

"అండ్ల ఏమున్నదో తెల్వదు తమ్మీ. తెంపుడు కబురని నర్సింగమ్మ అన్నది. వద్దంటె చెప్పు, పోతపోత డిండిల కలిపేస్త."

"నేను అడిగినదానికి జవాబు అది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. తిట్టయితే తిట్టు, నాకే కావాలె."

బిక్షమ్మ ముడి విప్పింది.

ముందు రోకలి చప్పుడు వచ్చింది. దుమ్, దుమ్ అని ఇసుకబాయి వాడ అంతా ఆ ఇంట్లోకి నడిచొచ్చినట్టు. శ్యామలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఊపిరి. ఆ తర్వాత గొంతు. ఆరునెలలు మంచంలో పడి ఉన్న ముసలివాడి గొంతు కాదు. పొలిమేరలో నిలబడి పిలిస్తే చెరువు అవతలి గొర్లకాపరి పలికే ఆనాటి గొంతు.

"గురవయ్యా. అలిసిపోయి వచ్చినవు. కూసో బిడ్డా.

"తెల్సు. పొలిమేరల నీకు ఎదురొచ్చిన్నాడు నాకు తెల్సు. నీ బిడ్డ గా పొద్దుగాలనే పోయింది. నా వెనక దొర మనిషి కట్టె పట్టుకొని నిలవడ్డడు. గది సాకు గాదు. ఊరందరి కబుర్లు మోసిన నోటితోటి నీ కబురు నీకియ్యలే. ఇగో, ఇప్పుడిస్తున్న. నీ బిడ్డ పోయింది గురవయ్యా. వట్టిగ పోలే, పేరుతోటి పోయింది. మూడో దినం నేనే చెవుల పేరు చెప్పిన. మా అవ్వ పేరు. బాలనర్సమ్మ. చెప్తె కండ్లు తెరిసి నా దిక్కు సూసింది. తూర్పు చెలక గట్టు మీద, తంగేడు చెట్టు కింద పెట్టిన. శ్యామలమ్మకు గూడ చెప్పు.

"నీ దేవుని మీద నాకు కోపం లేదు బిడ్డా. నీ మొకం సూడలేక గట్లన్న."

రోకలి ఇంకో రెండు పోట్లు వేసింది. ఆగింది. కొంగు మామూలు కొంగయింది.

గొంతు పేరు పలికినప్పుడు, ఉయ్యాలలో ఏడుస్తున్న పసిబిడ్డ ఏడుపు ఆపింది. ఎవరో తననే పిలిచినట్టు తల తిప్పింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు.

కుర్చీ అంచు పట్టుకుని బిక్షమ్మ కూర్చుండిపోయింది. నర్సింగమ్మ చెప్పింది సగం నిజం. కుడిచెయ్యి ఆడినా తండ్రి ఎడమచేత్తోనే ముడి వేసి ఉండేవాడు. అది చావు కబురే. తెంపేది కాదు. ఇరవై ఏండ్లు ఆలస్యంగా, దారి తప్పకుండా చేరింది.

"కండ్లు తెరిసిందంట," అన్నది శ్యామలమ్మ. ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నది. "నేను సూడనే లేదు. నాకు సోయే లేదు. కండ్లు తెరిసిందంట నా బిడ్డ."

గురవయ్య "ప్రభువా" అన్నాడు. అదే ఊపిరిలో బిక్షమ్మ "ఎల్లమ్మ తల్లీ" అన్నది. మూలన ఉయ్యాల ఊపుతున్న నిర్మలమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఇద్దరు గలిసి ఒక్కసారి పిలిస్తె ఎవరొస్తరు?" అన్నది.

"ఎవరొచ్చినా కూసుండవెడదాం," అన్నాడు గురవయ్య, కండ్లు తుడుచుకుంటూ.

బిడ్డకు వచ్చే ఆదివారం బాప్తిస్మం. ఎస్తేరని పేరు అనుకున్నారు. ఎస్తేరే ఉండనీ అన్నది నిర్మలమ్మ, గుడి పుస్తకంలో. ఇంట్లో మాత్రం బాలనర్సమ్మ.

అక్కడ ఉన్న రెండు దినాలు మొగుడు పెళ్లాలు బిక్షమ్మ కొంగు వదల్లేదు. ఇరవై ఏండ్ల సంగతులు చెప్పి ముళ్లు వేశారు. నిర్మల పుట్టుక, దాని తర్వాత ఇద్దరు మొగపిల్లలు, శ్యామలమ్మ తల్లి పోయింది, నిర్మల పెళ్లి, ఈ పసిబిడ్డ. కుడిచేతివి, ఎడమచేతివి కలిసి కొంగు జొన్న కంకి లెక్క బరువెక్కింది. అన్నీ మైసయ్య మట్టి మీద విప్పాలని. కర్మ చేసే పెద్ద దినానికి గురవయ్య కూడా వస్తానన్నాడు.

"వాడోళ్లు ఏమంటరో తమ్మీ."

"కూసోమనకుంటె నిలవడి వస్త. నాకు అలవాటే గదా."

పయనమయ్యే పొద్దున నిర్మలమ్మ బిడ్డను పొత్తిళ్లతో ఎత్తుకుని మేనత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"అందరియి మోస్తవు గదా అత్తా. నీది ఎవలు మోస్తరు?"

బిక్షమ్మకు అట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా తెలియదు.

"మోసేటోళ్ల మాట ముడిల నిలువదు బిడ్డా. డిండి కాడ సూసిన."

"ఎవలి కొంగుల సూసినవు?"

"నా కొంగులనే."

"నీ కొంగుల నువ్వే చెప్పుకుంటె ఎట్ల నిలుస్తది?" అంటూ నిర్మలమ్మ తన చీర కొంగు చాపింది. "చెప్పు."

బిక్షమ్మ ఆ అంచు అందుకున్నది. నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది. నిర్మలమ్మ తొందరపెట్టలేదు.

"మా నాయిన పోయిండు," అన్నది చివరికి. "నేను బిక్షమ్మను. నేను ఇంకా ఉన్న."

"ఏ చేత్తోటి ఎయ్యాలె అత్తా? సగం చావుది, సగం బతుకుది."

బిక్షమ్మకు తెలియలేదు. నిర్మలమ్మ బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి, రెండు చేతులతో ముడి వేసింది. "సూడు," అని అందించింది.

బిక్షమ్మ ముడి ముట్టుకుంది. వెచ్చగా ఉంది. వేల మంది వెచ్చదనం మోసిన మనిషికి తన వెచ్చదనం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇసుకబాయికి తిరిగొచ్చినంక ఆమె కబుర్లు మోయడం మానలేదు. కానీ పీట వేయని వాకిట్లో ముడి విప్పలేదు. కుడిచేతిదైనా, ఎడమచేతిదైనా. మొదట తిట్టినారు. పానగల్లు దగ్గర ఒక పెద్దింటి ముందు పొద్దెక్కే దాకా ఆమెను నిలబెట్టినారు. ఆమె నిలబడింది. లోపల అక్క చావో బావ చావో తెలియక ఆడవాళ్లు తల్లడిల్లినారు. చివరికి ఆ ఇంటి ముసలామె తానే లేచి, పీట మోసుకొచ్చి వేసింది. బిక్షమ్మ కూర్చుని, నీళ్లు తాగి, ముడి విప్పింది.

ఇప్పుడు మొదట అడిగినదానికి మీ జవాబు మీ దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు. రేపు మీ గడప ముందు ఎవరైనా కబురు పట్టుకుని నిలబడితే, మంచిదో చెడ్డదో అడగకముందు పీట వేయండి. నీళ్లివ్వండి. వాళ్లు తెచ్చింది విన్నాక వెంటనే పోనివ్వకండి. మీ కొంగు చాపండి, మీ కండువా చాపండి, "నీ సంగతేంది?" అని అడగండి.

అడిగి, కాసేపు ఆగండి. వాళ్లను ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.